పరదేశి హక్కులు – హక్కుల వాఙ్మయము

ఒక దేశపు న్యాయమెట్టిదో తెలిసికొనగోరువారు ఆ దేశమున పుట్టి పెరిగి పలుకుబడి సంపాదించినవానికి జరుగు మర్యాదను చూచి నిర్ణయింపరాదు. ఓటు లేనివాడు, దేశభాష చక్కగా రానివాడు, పిలిచిన పలుకు బంధువులు లేనివాడు అధికారి చేతికి చిక్కిననాడు వానికేమి జరుగునో చూచి నిర్ణయింపవలెను. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇట్టివారి పక్షమున నూరేండ్లకు పైగా ఒక వాఙ్మయము పెరుగుచు వచ్చినది. నివేదికలు, న్యాయస్థానములకు సమర్పించిన వాదపత్రములు, అధికారులు వ్రాసికొన్న గ్రంథములు, వీధులలో పంచిపెట్టు కరపత్రములు ఇందు చేరును. ఇది కావ్యము కాదు గనుక సాహిత్యపత్రికలు దీనిని పట్టించుకొనవు. శాసనము కాదు గనుక న్యాయవాదులు చదివి పక్కన పెట్టుదురు. మా యభిప్రాయమున ఇది విమర్శకు పాత్రమైన వచనరచనయే. ఒక మనుష్యుని కాపాడుటకై వ్రాయబడిన వచనమునందు మాట తప్పినచో చెడునది శైలి మాత్రము కాదు, ఒక కుటుంబము.

ఈ విషయము మనకేల యని కొందరడుగవచ్చును. తెలుగువారికి వలస క్రొత్త గాదు. రంగూనుకు, మలయాకు, దక్షిణాఫ్రికాకు, ఫిజీకి, మారిషసుకు కూలికై పోయిన మన పూర్వులు ఆయా ప్రభుత్వముల దయమీద బ్రతికిరి. నేడు చదువుకొన్న కుటుంబములు పెక్కింటికి అమెరికాలో కొడుకో కూతురో అల్లుడో కలరు. వీసా సంగతులు, విమానపు వేళలు, డాలరు ధర మన గృహిణులకు కంఠస్థములు. అయినను తెల్లవారుజామున తలుపు తట్టిన అధికారికి తలుపు తీయవలెనా, అతడు చూపు కాగితముపై ఎవరి సంతకముండవలెను, పట్టుబడినవానికి న్యాయవాదిని ఎవరు ఏర్పాటు చేయుదురు అను ప్రశ్నలకు మనలో జవాబు చెప్పగలవారు కొలదిమంది. బిడ్డను పంపుచున్న దేశమున బిడ్డకు గల హక్కులు తెలియకపోవుట తల్లిదండ్రులకు తగని అజ్ఞానము. అందుచేత ఈ వాఙ్మయమునుండి మూడు రచనలనెన్నుకొని, వాని గుణదోషములను పరిశీలించుచున్నాము.

మొదటిది 1920వ సంవత్సరము మే నెలలో పన్నిద్దరు న్యాయవాదులు తమ పేళ్లతో ప్రకటించిన నివేదిక. దాని పూర్వరంగము కొంత చెప్పవలెను. 1919లో అమెరికాలోని పలు నగరములలో బాంబులు పేలినవి; జూను నెలలో అటార్నీ జనరలు పామరు గృహము ముందర ఒకటి పేలినది. ప్రజల భయము నిజమైనది, నేరమును నిజమైనదే. కాని ప్రభుత్వము నేరస్థులను వెదకుటకు మారుగా, విదేశములనుండి వచ్చి కొన్ని రాజకీయ సంఘములలో చేరినవారినందరిని వెదకెను. 1920 జనవరి 2వ తేది రాత్రి ముప్పదికి పైబడిన పట్టణములలో ఒక్కమారుగా దాడులు జరిగెను. సభాభవనములలోను, ఫలహారశాలలలోను, ఇండ్లలోను దొరికినవారిని దొరికినట్లు పట్టిరి. పలువురిని వారంటు లేకయే పట్టి, వారంటును తరువాత తెప్పించిరి. డెట్రాయిటు నగరమున ఎనిమిదివందల మందిని ప్రభుత్వభవనపు మేడమీద గాలివెలుతురు లేని నడవలో రోజుల తరబడి నిలిపిరి. బోస్టనులో మనుష్యులను సంకెలలతో జంటలు కట్టి వీధులవెంట నడిపించిరి. వెనుకనుండి ఈ యేర్పాటు నడిపినవారిలో అప్పటికి ఇరువదియైదేండ్ల వయసుగల ఎడ్గారు హూవరు ఒకడు.

ఈ కృత్యములపై వ్రాయుటకు పూనుకొన్నవారు విప్లవకారులు కారు. హార్వర్డు న్యాయకళాశాలకు అధిపతియైన రాస్కో పౌండు, అందు ఆచార్యులైన ఫీలిక్సు ఫ్రాంక్‌ఫర్టరు, జెకరయా చేఫీ, ఈ దాడులకు నిరసనగా ఫిలడెల్ఫియాలో తన ప్రభుత్వన్యాయవాది పదవిని వదలుకొన్న ఫ్రాన్సిస్ ఫిషర్ కేను మొదలగువారు. నివేదిక నిర్మాణమును గమనింపుడు. క్రూరశిక్షలు, వారంటులేని నిర్బంధములు, అక్రమ శోధనలు, గూఢచారుల ప్రేరణలు, తనకు విరుద్ధముగా తానే సాక్ష్యమిచ్చునట్లు చేయు బలాత్కారము, ప్రభుత్వధనముతో చేసిన ప్రచారము అను ఆరు శీర్షికల క్రింద ఆరోపణలు పెట్టిరి. ఒక్కొక్క ఆరోపణకు ఎదురుగా రాజ్యాంగములోని ఏ నియమము భగ్నమైనదో చూపిరి. పిమ్మట పట్టుబడినవారి ప్రమాణపత్రములను, అధికారుల సొంత ఉత్తరువులను చేర్చిరి.

ఈ గ్రంథమునందు మాకు మిక్కిలి నచ్చినది దాని సంయమనము. కంటనీరు తెప్పించు సంగతులు పుష్కలముగ నున్నను రచయితలు ఎచ్చటను కన్నీరు కార్పరు. బాధితుడు సుగుణవంతుడని గాని, వాని అభిప్రాయములు మంచివని గాని వారు వాదింపలేదు. బాంబు వేసినవానిని విడిచిపెట్టుడని వారు కోరలేదు. చట్టమును కాపాడవలసిన శాఖయే చట్టమును భంగపరచినదని నిరూపించుట వారి పని; ఆ పనినుండి ఒక్క పుట తొలగలేదు. కోపము గలవాడు కోపమును దాచి లెక్క చెప్పినప్పుడు ఆ లెక్కకు వచ్చు బలము ఈ పుస్తకమునందు కలదు. ఆ జనవరి నెలలోనే రోజరు బాల్డ్విను మున్నగువారు అమెరికా పౌరస్వాతంత్ర్య సంఘమును స్థాపించిరి. ఆ సంఘము నేటికిని ఇదే మార్గమున న్యాయస్థానములలో వాదించుచున్నది.

దాడులకు సంబంధించిన చిన్న సంగతి యొకటి పాఠకులు గుర్తుంచుకొనదగినది. దేశబహిష్కార విచారణలలో నిందితునికి ఆరంభముననే న్యాయవాదిని పెట్టుకొను హక్కు కలదని వలసశాఖ నియమావళిలో ఇరువదిరెండవ నియమము చెప్పుచుండెను. 1919 డిసెంబరు చివరను, దాడులకు కొలది దినములు ముందుగా, ఆ వాక్యమును మార్చిరి. ప్రభుత్వప్రయోజనములకు చాలినంత విచారణ జరిగిన తరువాతనే న్యాయవాది రావచ్చునని క్రొత్త వాక్యము. అనగా మనిషి చెప్పవలసినదంతయు చెప్పి ఉరి తనకు తానే బిగించుకొన్న పిమ్మట న్యాయవాది వచ్చి ముడిని చూడవచ్చును. శాసనసభలో చర్చ లేదు, పత్రికలలో ప్రకటన లేదు. ఒక్క వాక్యము మారెను, వేలమంది నోళ్లు వంచనకు లోనయ్యెను. హక్కులను గూర్చి చదువువారు గంభీరోపన్యాసములకంటె ఇట్టి వాక్యములను ఎక్కువ శ్రద్ధతో చదువవలెనని మా మనవి.

రెండవ రచన లూయీ పోస్టు 1923లో ప్రకటించిన గ్రంథము. 1920లో బహిష్కారమున విధాయకత్వము న్యాయశాఖకు లేదు, కార్మికశాఖకు కలదు; పోస్టు ఆ శాఖలో ఉపకార్యదర్శి. పైయధికారులు వ్యాధిచేతను, ఇతర కారణములచేతను దూరమైనందున ఆ వసంతమున కాగితములన్నియు ఆయన బల్లమీదికి వచ్చెను. అప్పటికాయనకు డెబ్బది యేండ్లు. ఆయన కట్టలు విప్పి ఒక్కొక్క మనుష్యుని కాగితములు తానే చదివెను. ఒక సంఘము చీలినప్పుడు తమకు తెలియకయే పేర్లు రెండవ సంఘపు పుస్తకములోనికి ఎక్కినవారు పలువురని కనిపెట్టెను. తెలియక కలిగిన సభ్యత్వము సభ్యత్వము కాదనెను. న్యాయవాది లేకుండ రాబట్టిన ఒప్పుకోలును త్రోసిపుచ్చెను. జామీను మొత్తములను తగ్గించెను. ఇట్లు వేయికి పైబడిన వారంటులను రద్దు చేసెను. అందుకు ప్రతిఫలముగ శాసనసభలో ఆయనను పదవీభ్రష్టుని చేయుటకు ప్రయత్నము జరిగెను. మే నెలలో ఆయన స్వయముగా సభాసంఘము ముందు నిలిచి, ప్రశ్నకు ప్రశ్నగా సమాధానము చెప్పెను. ప్రయత్నము చల్లారిపోయెను.

పోస్టు గ్రంథము నివేదికవలె బిగువైనది కాదు. ఆత్మసమర్థన అచ్చటచ్చట పాలు మించినది. ఒకే వాదము రెండుమూడు తావుల వచ్చును. అయినను నివేదికలో లేనిదొకటి ఇందు కలదు: కార్యాలయము పని చేయు తీరు. అన్యాయము ఎల్లప్పుడు దుష్టుని రూపమున రాదు. చదువకుండ సంతకము పెట్టు అధికారి రూపమున వచ్చును. న్యాయము సైతము ఎల్లప్పుడు వీరుని రూపమున రాదు. కాగితము పూర్తిగా చదివిన వృద్ధుని రూపమున వచ్చును. ఈ సత్యమును ఇంత తేటగా చూపిన ప్రభుత్వోద్యోగి రచనలు అరుదు. పోస్టు దేవత కాడనియు చెప్పవలెను. 1919 డిసెంబరులో ఎమ్మా గోల్డ్‌మను మున్నగువారిని ఓడనెక్కించి రష్యాకు పంపిన బహిష్కారమునందు ఆయన సంతకము కలదు. చట్టము స్పష్టముగ నున్నచోట తన మనస్సునకు కష్టమైనను అమలుచేయవలసినదేనని ఆయన నమ్మిక.

ఇచ్చటనే ఈ రెండు రచనలకును పొలిమేర కానవచ్చును. రెండును పద్ధతిని విమర్శించినవి. చట్టపు పునాదిని ముట్టలేదు. ఆ పునాది 1893లో పడినది. చీనాదేశస్థుల వ్యాజ్యమొకదానిలో, బహిష్కారము శిక్ష కాదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. శిక్ష కాదు గనుక నేరవిచారణలో గల రక్షణలు ఇందు వర్తింపవు. ముగ్గురు న్యాయమూర్తులు అప్పుడే విభేదించిరి. ఇరువదియేండ్లు కాపురముండి, బిడ్డలను కని, ఇల్లు కట్టుకొన్నవానిని నౌకనెక్కించుట శిక్ష కానిచో శిక్ష యనగా నేమి? మాటకు అర్థము మార్చి మనిషికి రక్షణ తీసివేయుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము మాకు తోచదు. ఆ మాట నేటికిని తొలగలేదు. నేటి కష్టములలో పెక్కు దానినుండి పుట్టినవే.

మూడవ రచనకు పోవుటకు ముందు ఈ వాఙ్మయమునకు పట్టిన ఒక వ్యాధిని పేర్కొనవలెను. వలసవచ్చినవారి పక్షమున వ్రాయువారు తరచుగా వారి యోగ్యతను వర్ణింతురు. వారు కష్టపడుదురు, పన్నులు చెల్లింతురు, పంటలు కోయుదురు, వైద్యము చేయుదురు, యంత్రములు కనిపెట్టుదురు అని పట్టికలు వేయుదురు. ఇవి నిజములే; కాని హక్కునకు ఆధారములు కావు. యోగ్యత చూపి హక్కును కోరినవాడు, యోగ్యత లేనివానికి హక్కు లేదని ఒప్పుకొన్నవాడగును. ఉపకారి అని కాపాడబడినవాడు ఉపకారము చేయలేని రోజున వీధిని పడును.

ఈ వాదరీతి ఎంత దూరము పోగలదో చూపుటకు మన దేశస్థుని వ్యాజ్యమే కలదు. భగత్ సింగ్ థింద్ అను పంజాబీయుడు మొదటి మహాయుద్ధమున అమెరికా సైన్యములో పని చేసెను. ఆనాటి చట్టము శ్వేతజాతీయులకును, ఆఫ్రికాసంతతివారికిని మాత్రమే పౌరసత్వము నొసగుచుండెను. థింద్ పక్షమున న్యాయవాదులు ఆ చట్టము అన్యాయమని చెప్పలేదు. తమ కక్షిదారుడు అగ్రవర్ణుడనియు, ఆర్యుడనియు, అందుచేత శ్వేతజాతీయుడేననియు వాదించిరి. అగ్రవర్ణులు ఈ దేశపు ఆదిమజాతులతో వివాహసంబంధమునకు ఏవగింతురనియు, అది అమెరికా శ్వేతజాతీయులు నీగ్రోలను చూచు చూపువంటిదేననియు తమ వాదపత్రమున వ్రాసిరి. అనగా మన యింటి మాలిన్యమును పరదేశ న్యాయస్థానమునకు ఆభరణముగ కొనిపోయిరి. 1923 ఫిబ్రవరిలో న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఆ వాదమును త్రోసివేసిరి. సామాన్యజనులు శ్వేతజాతీయుడని ఎవరిని అందురో వాడే శ్వేతజాతీయుడనిరి. అంతకు ముందు పౌరసత్వము పొందిన భారతీయులు పలువురు దానిని కోల్పోయిరి. వర్ణపు నిచ్చెన ఎక్కి పైకి పోదలచినవానికి, ఆ నిచ్చెనను పట్టుకొన్నవాడు మరియొకడని తెలియవచ్చెను.

ఆ దశాబ్దముననే మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టనున దిగిరి. ఔషధవిజ్ఞానమునకు ఆయన చేసిన సేవను తెలుగువారికి మేము వర్ణింపనక్కరలేదు. 1946లో మాత్రమే భారతీయులకు పౌరసత్వద్వారము తెరువబడినది. అదియు ఏటికి నూరుమంది వలసకు అనుమతితో. 1948లో సుబ్బారావుగారు పరదేశముననే, పౌరులు కాకయే కన్నుమూసిరి. యోగ్యతయే తాళపుచెవియైనచో ఆయనకు ఏ తలుపు మూసియుండెడిది?

యోగ్యతకు మారుగా నిలుపవలసిన మాట అమెరికా రాజ్యాంగములోనే కలదు. ఐదవ, పదునాలుగవ సవరణలు న్యాయవిధానము లేనిదే ప్రాణమును, స్వేచ్ఛను, ఆస్తిని హరింపరాదన్నప్పుడు ‘పౌరుడు’ అనలేదు, ‘వ్యక్తి’ అన్నవి. 1886లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని చీనా చాకలివాని వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ మాటకు పూర్ణార్థమిచ్చెను. పరదేశియు వ్యక్తియే యనెను. 1896లో, విచారణ లేకుండ పరదేశిని కఠినశ్రమకు పంపరాదని చెప్పెను. మన రాజ్యాంగములోని 14, 21 అధికరణములును వ్యక్తినే పేర్కొన్నవి. 1996లో అరుణాచల ప్రదేశములోని చక్మాశరణార్థుల విషయమున మన సుప్రీంకోర్టు ఆ ఆధారము మీదనే వారి ప్రాణములకు రక్ష కల్పించెను. మంచివాడనియు, ఉపయోగపడుననియు కాదు, వ్యక్తి గనుక. ఈ వాఙ్మయమునకు ఇదియే మూలమంత్రము. దీనిని విడిచిన రచన యెంత హృదయంగమమైనను బలహీనమే.

ఇక మూడవ రచన: ఒక చిన్న ఎఱ్ఱని చీటి. కాలిఫోర్నియాలోని వలసన్యాయ సహాయసంస్థ యొకటి 2007లో దీనిని ప్రారంభించెను. తరువాత అనేక సంఘములు అనేక భాషలలో ముద్రించి పంచినవి. సంచిలో ఇముడునంతటిది. ఒకవైపున దానిని ధరించినవానికి వాని భాషలో సూచనలు: తలుపు తెరువకుము, ప్రశ్నలకు జవాబు చెప్పకుము, సంతకము పెట్టకుము. మరియొకవైపున అధికారి చదువుటకు ఇంగ్లీషులో ప్రకటన. తలుపు తీయకయే క్రిందినుండి జార్చవచ్చును. వలసశాఖవారు తామే సంతకము చేసికొన్న వారంటు వేఱు, న్యాయాధిపతి సంతకము చేసిన వారంటు వేఱు అను భేదము దీనికి ప్రాణము. ఇల్లు చొచ్చుటకు రెండవది కావలెనన్నది నాలుగవ సవరణనుండి పుట్టిన నియమము.

రచనగా చూచినచో ఇది చిన్న అద్భుతము. ఇంత తక్కువ మాటలలో ఇంత పని చేయు వచనము మేము తరచుగా చూడము. విశేషణమొకటియు లేదు. పాఠకుని జాలిపడదగినవానిగా గాక, నిర్ణయము తీసికొనగల పెద్దమనిషిగా భావించినది. నోరు లేనివాడనుకొన్నవాని మౌనమును హక్కుగా మార్చినది. పండ్లు కోయు కూలియు, పరిశోధనాలయములోని పండితుడును ఒకే చీటిని ఒకే రీతిని చూపవచ్చును, యోగ్యతాపత్రమును అడుగదు. నివేదికకంటెను, పోస్టు గ్రంథముకంటెను మూలమంత్రమునకు ఇది దగ్గర.

కాని దీని లోపమును చెప్పక తప్పదు. చీటి చెప్పినదంతయు నిజము, చెప్పనిది పెద్దది. అక్రమముగా ఇల్లు చొచ్చి సంపాదించిన సాక్ష్యమును నేరవిచారణలో త్రోసిపుచ్చుదురు. బహిష్కారవిచారణలో సాధారణముగా త్రోసిపుచ్చనక్కరలేదని 1984లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. బీద నేరస్థునికి ప్రభుత్వము న్యాయవాదిని ఏర్పాటు చేయవలెను. బహిష్కారము శిక్ష కాదు గనుక పరదేశి తన ఖర్చుతోనే న్యాయవాదిని వెదకికొనవలెను. పసిపిల్లలకును ఈ నియమమే. అచ్చట విచారించు న్యాయాధిపతి స్వతంత్ర న్యాయస్థానమునకు చెందడు. అటార్నీ జనరలు క్రింది ఉద్యోగి. ఆరోపించువాడును, తీర్పరియు ఒకే ప్రభుత్వాధిపత్యమున నున్నచోట, చీటి చూపి తలుపు దగ్గర గెలిచినవాడు విచారణలో ఓడవచ్చును. రాజు తలచుకొన్న దెబ్బలకు కొదువా యని మన పెద్దలు ఊరక అనలేదు. భారమంతయు భయపడినవాని భుజములమీదనే పెట్టుట ఈ చీటికి గల దోషము. న్యాయవాది లేని హక్కు నూనె లేని దీపము. 2013లో న్యూయార్కు నగరము తన ధనముతో నిర్బంధితులకు న్యాయవాదులను ఏర్పాటుచేయుట ప్రారంభించినది. దీపములో నూనె పోయుట యనగా నిది. చీటిని పొగడువారు ఈ పనిని మరువరాదు.

1919లో మారిన ఆ ఒక్క వాక్యమును ఇప్పుడు మరల తలచుకొందము. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వము 1798నాటి శత్రుదేశస్థుల చట్టమును తీసి, దానినాధారముగ గొని వెనిజులా దేశస్థులను పలువురను ఎల్ సాల్వడారులోని కారాగృహమునకు విమానములలో పంపెను. వారికి ఆరోపణమును కాదనుటకు వ్యవధి లేదు. పౌరస్వాతంత్ర్య సంఘము వ్యాజ్యము వేసెను. పంపుటకు ముందు నోటీసు ఇచ్చి, న్యాయస్థానమును ఆశ్రయించు అవకాశము కల్పింపవలెనని ఏప్రిలులో సుప్రీంకోర్టు చెప్పెను. ఒక దినము వ్యవధితో, హక్కును వాడుకొను మార్గము చెప్పకుండ ఇచ్చిన నోటీసు చాలదని మే నెలలో చెప్పెను. అదే న్యాయస్థానము సెప్టెంబరులో, లాస్‌ఏంజిలీసునందు రూపమును, భాషను, పని చేయు చోటును బట్టి మనుష్యులను ఆపరాదన్న క్రింది కోర్టు ఉత్తరువును తాత్కాలికముగ నిలిపివేసెను. ముగ్గురు న్యాయమూర్తులు విభేదించిరి. ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనుకకు. నూరేండ్ల తరువాతను వివాదము ఒక్కటియే: మాటలాడుటకు వ్యవధి యిత్తురా, ఈయరా?

ఈ కథలో మన పిల్లలును కలరు. మిషిగనులో ‘ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయ’ మను పేర వలసశాఖ గూఢచారులే ఒక బూటకపు విద్యాలయమును నడిపిరి. వెబ్‌సైటు కలదు, రుసుము కలదు, పాఠము లేదు. 2019 జనవరిలో గుట్టు బయటపడునాటికి వందలకొలది విద్యార్థులు చేరియుండిరి, వారిలో తెలుగువారనేకులు. ఆ యేడు ముగియులోపున సుమారు 250 మందిని పట్టిరి. పాఠములు లేవని తెలిసియే చేరిరని ప్రభుత్వము వాదించెను, అట్టివారును ఉండవచ్చును. కాని రుసుము తీసికొన్నది ప్రభుత్వమే గదా! కట్టిన సొమ్మునకై విద్యార్థులు వ్యాజ్యము వేయవచ్చునని 2024లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పెను. దొంగలు పడిన ఆరునెలలకు గాదు, అయిదేండ్లకు. 2025 ఏప్రిలులో వేలకొలది విదేశవిద్యార్థుల నమోదులు ఒక్కమారుగా రద్దయ్యెను. కొట్టివేయబడిన చిన్న కేసులున్నవారు, కేవలము పోలీసుపట్టికలో పేరు తగిలినవారు కూడ ఇందుండిరి. విద్యార్థులు రాష్ట్రరాష్ట్రమున కోర్టులకెక్కిరి. ఆ నెల ముగియులోపున ప్రభుత్వము నమోదులను పునరుద్ధరించెను. యోగ్యతలో వారికి కొదువ లేదు. వారిని కాపాడినది యోగ్యత కాదు, వ్యాజ్యము.

అయినను మన యిండ్లలోని మాటలను విందము. ఫార్మింగ్‌టన్ విద్యార్థులు పట్టుబడినప్పుడు “పాపము, మన పిల్లలు” అంటిమి. 2025 ఫిబ్రవరిలో 104 మంది భారతీయులను సంకెలలతో సైనికవిమానమున అమృతసరమునకు తెచ్చినప్పుడు “దొంగదారిని పోయినవారికి అంతే” అన్న మాట చదువుకొన్నవారి నోటనే వినవచ్చెను. వారు ప్రధానముగ పంజాబు, హరియాణా, గుజరాతు ప్రాంతములవారు, స్త్రీలును కలరు. పోయిన దారి తప్పే యనుకొందము. తప్పు చేసినవాని కాళ్లకు గంటలకొలది గొలుసు వేయుట అవసరమా అన్న ప్రశ్న వేఱు. థింద్ పక్షపు న్యాయవాదుల వాదమే మన వసారాలలో మరల పుట్టుచున్నది: మేము మంచి వలసవారము, వారు చెడ్డ వలసవారు. ఆ నిచ్చెన ఎవరి చేతిలో నున్నదో మరల మరచుచున్నాము.

ఇందుకు ప్రతివాదము లేకపోలేదు. ఏ దేశమైనను తన వాకిటికి తలుపు పెట్టుకొనవచ్చును. ఎవరిని రానీయవలెనో తానే నిర్ణయించుకొనవచ్చును. లేనిచో చట్టమును గౌరవించి క్యూలో ఏండ్లకొలది నిలిచినవానికి అన్యాయమగును అని పెద్దలందురు. ఈ వాదము తేలిక గాదు. హక్కుల వాఙ్మయము దీనిని తరచుగ దాటవేయుట దాని లోపమని మేమును ఒప్పుకొందుము. ఎవరిని నిరాకరింపవచ్చునో చెప్పని వాదము గృహస్థులను ఒప్పింపజాలదు. కాని తలుపు పెట్టుకొను అధికారము, లోపలి మనిషిని తలుపు సందున నొక్కు అధికారము కాదు. వెడలగొట్టదగినవాడెవడో, కానివాడెవడో విచారణయే తేల్చవలెను. విచారణ లేనిచోట పౌరుడు సైతము తాను పౌరుడనని చెప్పికొను తావు లేదు. కాబట్టి పరదేశికి ఇచ్చు విచారణ పౌరుడు తనకై కట్టుకొన్న ప్రాకారమే.

తుదకు మన మాట. ఇంట గెలిచి రచ్చ గెలువుమందురు. తెలంగాణములోని ఇటుకబట్టీలకు ఒడిసానుండి కుటుంబములు కుటుంబములుగా వచ్చి పని చేయుచున్నవి. భాష రాదు, బంధువులు లేరు, ముందు తీసికొన్న బయానా సొమ్ము కాలికి గొలుసై యున్నది. అమెరికాలో మన బిడ్డకు కోరు మర్యాదను మన ఊరి పొలిమేరలోని ఈ వలసకూలికి మనము చూపుచున్నామా? చూపనిచో మన కోరిక హక్కు కాదు, ప్రాపకము. ఆ పన్నిద్దరు న్యాయవాదుల నిదానము, కాగితము చివరివరకు చదివిన పోస్టు ఓర్పు, యోగ్యత నడుగని ఎఱ్ఱచీటి సమదృష్టి మనకును కావలెను. బిడ్డను విమానమెక్కించు తల్లిదండ్రులు ఊరగాయ జాడీతో పాటు, హక్కులు తెలుపు కాగితము నొకదానిని పెట్టెలో ఉంచుట మేలు. దాని అర్థమును బిడ్డకు బోధించుటకు ముందు, మన వాకిట నిలిచిన పరదేశికి దానిని వర్తింపజేసి చూచుట మరింత మేలు.